ఊక కుప్ప అడుగున

1988 ఫిబ్రవరి 9, సూర్యాపేట

పెన్ను పైకి పట్టుకుంటే రాయదని ఈరోజు తెలిసింది. వెల్లకిలా పడుకుని, పుస్తకం మొహం మీదికి ఎత్తిపట్టుకుని రాయాలంటే పెన్సిలే గతి. నా పెళ్లాం సోనీ పోయి, దవాఖాన ముందు కొట్టులో కొనుక్కొచ్చింది. పక్క మంచం ముసలాయన "పరీచ్చ రాస్తున్నవా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను.

ఈ పుస్తకంలో ఇంతవరకు నా హైజంపు ఎత్తులు, సెంటీమీటర్లలో, తప్ప ఏమీ రాయలేదు. ఆఖరుగా రాసింది జనవరి 28న: "188. మూడుసార్లు దాటాను. కాళ్లు బాగున్నాయి." 29వ తేదీ పేజీ ఖాళీగా ఉంది. అది ఇప్పుడు నింపుతున్నాను. 190. దాటాను. కర్ర కదల్లేదు. పడ్డాక అట్లాగే వెల్లకిలా ఉండి పైకి చూశాను, కర్ర రెండు మేకుల మీద నిలకడగా ఉంది. అప్పటికే చేతులు లేవడం లేదు. ఈ నాలుగు రోజులుగానే కదులుతున్నాయి.

మెడలో ఐదో పూస చిట్లిందట. గడ్డం కింద పట్టీ వేసి, దానికి తాడు కట్టి, ఆ తాడును మంచం తలవైపు కప్పీ మీంచి వదిలి చివర ఇటుకలు వేలాడదీశారు. మూడు వారాలు ఇట్లాగే ఉండాలి. ఇటుక బట్టీవాళ్లు ఊక ఎత్తుకుపోబట్టే నాకు ఈ గతి పట్టింది. ఇప్పుడు ఇటుకలే నా మెడ పట్టుకుని లాగుతున్నాయి.

వెల్లకిలా ఎగిరేవాడు ఇసుకలో పడితే చస్తాడని మొదట్లోనే యాదగిరి సారు చెప్పాడు. ఆయన కాలేజీలో పీఈటీ, నాకు ఎగరడం నేర్పినవాడు. పట్నంలో ఫోము పరుపులు వేస్తారట. మిర్యాలగూడలో కాంటా దగ్గర బస్తాల తూకాలు రాసుకునే నాకు ఫోము ఎవరిస్తారు? మా రైసు మిల్లు వెనక ఊక కుప్పే నా పరుపు. రెండేళ్లు దాని మీదే పడ్డాను, ఒంటి మీద గీత పడలేదు. ఆ కుప్ప బలమంతా అడుగున ఉంటుంది. నెలల తరబడి నలిగి, అణిగి, మెత్తటి గట్టుగా మారిన పాత ఊక మనిషిని ఆపుతుంది. జనవరి 28న ఆ అడుగంతా తోడి లారీకి ఎత్తారు. తెల్లవారేసరికి మిల్లు గొట్టం కొత్త ఊక ఊది మళ్లీ కుప్ప నింపింది. చూడటానికి అదే ఎత్తు, అదే కుప్ప. కొత్త ఊక నురగ లాంటిది, మనిషిని ఆపదు. కింద సిమెంటు గచ్చు.

తోడించింది హన్మా బావ. సోనీకి సొంత అన్న, మా మిల్లు హమాలీల మేస్త్రీ. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఫిబ్రవరి 11

కుడి బొటనవేలు, చూపుడువేలు నావి కావు. గిల్లితే ఎవరినో గిల్లినట్టుంది.

ఫిబ్రవరి 16

డాక్టరును అడిగాను, మళ్లీ ఎప్పుడు ఎగరొచ్చని. ఆయనది గుంటూరు వైపు. "ముందు లేచి కూర్చోవయ్యా బాబూ, తర్వాత ఎగురుదువు గాని" అని నవ్వి పక్క మంచానికి పోయాడు.

వద్దనలేదు. తర్వాత ఎగురుదువు అన్నాడు. నవంబరు చివర్లో ఇక్కడే, సూర్యాపేటలోనే జిల్లా పోటీలు. తొమ్మిది నెలలుంది. విరిగిన ఎముక మూడు నెలల్లో అతుక్కుంటుంది, అది అందరికీ తెలిసిందే. ఆరు నెలలు మిగులుతాయి. జిల్లా రికార్డు 189. నేను 190 దాటినవాణ్ని.

ఫిబ్రవరి 21

ఇవాళ ముగ్గురొచ్చారు.

యాదగిరి సారు ముందొచ్చాడు. 190 సంగతి చెప్పాను. సారు "ఎవరన్న సూసిండ్రా?" అన్నాడు. పొద్దున ఆరింటికి మిల్లు వెనక ఎవరుంటారు సార్ అన్నాను. "నువ్వు దాటే ఉంటవులే" అన్నాడు. ఆ "లే" నాకు నచ్చలేదు.

తర్వాత ఆనందం సేటు, వెనక హన్మా బావ. సేటు బత్తాయిలు తెచ్చాడు, పాపం. మిల్లు ఓనరు అంత దూరం బస్సెక్కి రావడం మామూలు సంగతి కాదు. నన్ను చూశాక ఆయనకు కోపం ఆగలేదు.

"అడుగు తోడినోడు ఈ పిలగానికి జెప్పాలెనా వద్దా హన్మా? ఊరందరికి ఎరుకే గద, వీడు దినాం ఆడ ఎగురుతడని!"

బావ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "సెప్పిన్ననే అనుకున్న సేటు. ఆ దినం లారీ మీద లారీ... సెప్పలేదా బావా నీకు?"

అందరూ నా వైపు చూశారు. నాకా మెడ ఊపడానికి వీల్లేదు. కళ్లు మూసుకున్నాను. అవుననలేదు, కాదనలేదు. నొప్పిగా ఉందనుకున్నారు. నొప్పిగానే ఉంది.

మార్చి 6, మిర్యాలగూడ

ఇంటికొచ్చాను. మెడ చుట్టూ గట్టి కాలరు, మూడు నెలలు తీయొద్దన్నారు. హమాలీలు చూడటానికొచ్చి, "టై కట్టినవేంది దేవ్‌సింగూ, ఆఫీసర్ అయినవా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు పోయాక గోడవైపు తిరిగి కూర్చున్నాను. తిరగాలంటే ఇప్పుడు మనిషిని మొత్తం తిప్పాలి, ఎడ్లబండిని తిప్పినట్టు.

నీళ్లు తాగడం కూడా రాదు. చెంబు పైకెత్తి గొంతులో పోసుకోవాలంటే తల వెనక్కి వంచాలి కదా. గ్లాసు కరిచి తాగుతున్నాను. సోనీ నా గ్లాసు వేరుగా పెట్టింది. మా మూడేళ్ల కూతురు చిన్నికి ఒక ఎంగిలి గ్లాసు, నాకొకటి.

మార్చి 20

హన్మా బావ రోజూ పొద్దున్నే వస్తున్నాడు. సైకిలు వెనక బస్తా మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టుకుని, గుంత రాకముందే దిగి తోసుకుంటూ కాంటా దగ్గర దింపుతాడు. సాయంత్రం మళ్లీ వస్తాడు. దారంతా మాట్లాడడు. నేనూ మాట్లాడను. సేటు ఆయన్ను మేస్త్రీ పని నుంచి తప్పించాడు. ఇప్పుడు తన కింద పనిచేసినవాళ్లతో కలిసి బస్తాలు మోస్తున్నాడు. నలభై ఏళ్లు దాటినవాడు.

నేను తప్పించమనలేదు. అది సేటు చేసిన పని.

మార్చి 21

నేను తప్పించమనలేదు.

ఏప్రిల్ 17

పథకం వేసుకున్నాను. మేలో నడక. జూన్‌లో మెల్లగా పరుగు. జూలైలో పక్కనుంచి కత్తెర జంపు, నడుమెత్తు చాలు. ఆగస్టులో వెల్లకిలా, 150 నుంచి మొదలు. అక్టోబరుకు 180. నవంబరులో నా ఎత్తు నాకొస్తుంది.

రాస్తుంటే పెన్ను రెండుసార్లు జారింది. కాంటా దగ్గర కూడా జారుతోంది. వేళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. అది మెడది కాదు, పడుకుని పడుకుని వచ్చింది.

మే 2

సోనీ అడిగింది. అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా.

"మా అన్న నిజంగ సెప్పలేదా నీకు?"

"ఎన్నిసార్లు అడుగుతవ్?"

"ఒక్కసారి గూడ అడగలె. గిదే మొదలు." నిజమే, అది ఎప్పుడూ అడగలేదు. "అన్న తిండి తింటలేడు. వొదినె ఏడుస్తుంది. నేను సెప్పిన్ననో లేదో యాదికొస్తలేదు సోనీ అని నా ముందర తల బాదుకుండు. నువ్వు సెప్పు. చిన్ని తల మీద చెయ్యి పెట్టి సెప్పు."

చిన్ని మా మధ్యలో కూర్చుని అన్నం మెతుకులు చాప మీద అంటిస్తోంది. కుడిచెయ్యి దాని తల మీద పెట్టాను. "చెప్పలేదు" అన్నాను. బొటనవేలికి ఆ జుట్టు తగిలిన సంగతి కూడా తెలియలేదు.

సోనీ చారు పోసింది.

మే 3

ఏమీ రాయబుద్ధి కాలేదు.

మే 5

చిన్నికి ఒళ్లు కొద్దిగా వెచ్చగా ఉంది. ఎండలకు.

మే 8

తగ్గింది. ఎండలకే.

జూన్ 14

బావ వెళ్లిపోయాడు. కోదాడలో ఏదో మిల్లులో హమాలీ పని దొరికిందట. పెళ్లాం పిల్లల్ని కూడా తీసుకుపోయాడు. మాకు చెప్పడానికి రాలేదు. మొన్న పొద్దున సైకిలు రాకపోయేసరికి తెలిసింది. కాంటాకు నడిచి పోయాను. నడక మంచిదే, పథకంలో ఉన్నదే కదా.

సోనీ రెండు రోజులుగా నాతో మా తండా లంబాడీ మాటల్లో మాట్లాడటం లేదు. అన్నీ తెలుగులోనే, బయటివాళ్లతో మాట్లాడినట్టు. "అన్నం తింటవా. నీళ్లు పెట్టిన. పోయొస్త." అంతే.

జూలై 3

కాలరు తీసి పరుగెత్తాను. డాక్టరు తీయొద్దన్నది జూన్ వరకే. జూన్ అయిపోయింది. మళ్లీ వచ్చి చూపించుకున్నాకే తీయాలన్నాడనుకోండి, అయినా ఎముకకు కాగితం అక్కర్లేదు.

కాలువ గట్టు మీద రెండు ఫర్లాంగులు. ప్రతి అడుగుకూ మెడ నుంచి మోచేతి దాకా సూది దిగినట్టు. ఆగాను. మళ్లీ పరుగెత్తాను. మళ్లీ ఆగాను. వరి నారు పోస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. ఒకామె "ఎవలన్న తరుముతుండ్రా అన్నా?" అని అరిచింది. అందరూ ఒకటే నవ్వులు.

రాసుకుంటున్నాను: రెండు ఫర్లాంగులు. బాగుంది.

జూలై 4

చెయ్యి ఎత్తలేకపోయాను. సోనీ చొక్కా తొడిగింది. నిద్రలో వంకరగా పడుకున్నానని చెప్పాను.

జూలై 19

ఎగరడం అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాదు. సేటు అంటాడు, "ఎగిరితే ఏమొస్తదిర?" అని. ఏమీ రాదు. ఉద్యోగం రాదు, నా వయసు దాటింది. ఒక కప్పు వస్తుంది, దాంట్లో సోనీ ఉప్పు పోస్తుంది. కానీ ఎనిమిదడుగులు వంపుగా పరుగెత్తి, ఎడమ కాలు నేలకు కొట్టి, ఒంటిని వెనక్కి పడేసినప్పుడు, కర్ర వీపు కింద నుంచి పోతుంది చూడండి, ఆ క్షణం నేను ఎవరి కాంటా మీదా లేను. ఇరవయ్యేడేళ్ల బతుకులో నాది అని చెప్పుకోదగ్గది అదొక్కటే. అది పోతే కాంటా గుమాస్తా మిగులుతాడు, చేతిలోంచి పెన్ను జారిపోయే గుమాస్తా.

పోదు. నవంబరు ఇంకా దూరం.

ఆగస్టు 22, సూర్యాపేట

మెడకు ఎక్స్‌రే ఫొటో తీశారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

"పరుగెత్తావా?"

లేదన్నాను. వేళ్లు చూపించమన్నాడు. దూది పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. ఎక్కడ తగిలిందో చెప్పలేకపోయాను. అప్పుడు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూడు దేవ్‌సింగ్. పూస అతికింది, వంకరగా అతికింది. నరం దాని కింద నలుగుతోంది. బతికి బయటపడ్డావు, నడుస్తున్నావు, అదే గొప్ప. ఇంకొక్కసారి మెడ మీద పడితే, మెడ కింద ఏదీ నీ మాట వినదు. నువ్విక ఎగరకూడదు. ఈ ఏడాది అని కాదు, ఎప్పటికీ."

"మెల్లగా, తక్కువ ఎత్తులో..."

"ఎప్పటికీనయ్యా."

తల పైకెత్తడం కూడా ఇంతకంటే రాదన్నాడు. ఎదురుగా ఉన్న మనిషి నుదురు దాకా వస్తుంది నా చూపు. అంతే.

బస్సులో సోనీ నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి తగిలింది అరచేతికి మాత్రమే.

ఆగస్టు 30

సూర్యాపేట డాక్టరుకు ఏం తెలుసు. హైదరాబాదులో పెద్దవాళ్లున్నారు.

సెప్టెంబరు 11

యాదగిరి సారు నా ఎక్స్‌రే ఫొటోలు పట్టుకుని హైదరాబాదు పోయి చూపించుకొచ్చాడు. నాకు చెప్పకుండా పోయాడు. వాళ్లూ అదే అన్నారట. సారు అది చెప్పి మొహం తుడుచుకున్నాడు. నేనే టీ తెప్పించి తాగించాను.

సెప్టెంబరు 12

ఏమీ లేదు.

అక్టోబరు 2

ఏమీ లేదు. కాంటా, ఇల్లు.

అక్టోబరు 19

దసరా. సోనీ అన్న దగ్గరికి చిన్నిని తీసుకుని కోదాడ పోయొచ్చింది. నన్ను రమ్మనలేదు. బావ ఎట్లున్నాడని అడిగాను. "ఉన్నడు" అంది.

నవంబరు 26, సూర్యాపేట

జిల్లా పోటీలు. వద్దనుకుంటూనే బస్సెక్కాను. సారు నన్ను హైజంపు దగ్గర కూర్చోబెట్టి ఎత్తులు రాసే పని ఇచ్చాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. నేను తూకాలు రాసేవాణ్ని కదా, ఎత్తులు రాయలేనా.

కుర్చీ కర్రకు దగ్గరగా వేశారు. కర్ర 170 దాటేసరికి అది నా చూపులోంచి పోయింది. కుర్చీలో కూర్చుని మెడ ఎత్తలేను కదా. పరుగెత్తే కాళ్లు కనిపిస్తాయి, నేలకు కొట్టే మడమ కనిపిస్తుంది, తర్వాత మనిషి పైకి పోయి మాయమైపోతాడు. దాటాడో లేదో జనం అరుపును బట్టి రాశాను. కోదాడ కుర్రాడొకడు 184తో గెలిచాడు. అందరూ ఇంకా కత్తెర జంపే.

పక్కనున్న కొలత మాస్టారితో అన్నాను, "నేను నూటా తొంభై దాటిన సార్, ఈ జనవరిల." ఆయన చాలా మర్యాదగా, "అట్లనా, మంచిది" అని టేపు చుట్టుకున్నాడు.

ఆ "మంచిది" చెవిలోంచి పోవడం లేదు. ఎవరూ చూడని దాన్ని ఎవరు నమ్ముతారు? నా మాట ఒక్కటే సాక్షి. నా మాట ఎంత విలువైందో నాకు తెలుసు.

నవంబరు 27, మిర్యాలగూడ

రాయాలి. ఇది నా పుస్తకం, నేను తప్ప ఎవరూ చూడరు, అయినా పది నెలలుగా దీంట్లో కూడా అబద్ధమే రాశాను.

జనవరి 28 సాయంత్రం హన్మా బావ చెప్పాడు. లారీ ఎక్కబోతూ, తాడు బిగిస్తూ, నేను కాంటా మూస్తుంటే అరిచి చెప్పాడు. "బావా, అడుగంత తీసినం. కొత్త ఊక ఆగదు. నాలుగొద్దులు ఎగరకు." నేను చెయ్యి ఊపాను. ఊపానా లేదా అన్న సందేహం కూడా లేదు. ఊపాను.

ఇంకా ఉంది. 29 పొద్దున కర్ర కట్టాక, వెదురు ముక్కతో కుప్పను పొడిచి చూశాను. సర్రున దిగి అడుగున సిమెంటుకు తగిలింది. ఆ చప్పుడు విన్నాను. అయినా ఎగిరాను. ఎందుకంటే ఆరోజు కాళ్లలో 190 ఉంది. రేపటికి ఉంటుందో లేదో తెలియదు. ఒక్కసారి, భుజాల మీద పడతాను, ఏం కాదు అనుకున్నాను.

బావ చెప్పలేదంటే నా జంపులో తప్పు లేదు. మంచి జంపు, చెడ్డ కుప్ప. అట్లా అనుకుంటే మళ్లీ ఎగరొచ్చు అనిపించేది. బావ చెప్పాడంటే నా మెడ నేనే విరగ్గొట్టుకున్నాను. మళ్లీ ఎగిరే ఆశ ఉన్నన్నాళ్లు ఆ అబద్ధం నాకు కావలసి వచ్చింది. ఇప్పుడు ఆశ లేదు. అబద్ధంతో పనీ లేదు.

రేపు కోదాడ పోతాను.

నవంబరు 28

సోనీకి ముందు చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని విన్నది. చిన్నిని ఒళ్లోకి లాక్కుని దాని తల నిమిరింది, చాలాసేపు. తర్వాత "పో. మా అన్నకు సెప్పిరా. సెప్పినంకనే ఈ ఇంట్లకు రా" అంది.

కోదాడలో మిల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బావ బస్తాల నీడలో సద్ది గిన్నె ముందేసుకుని, తినకుండా మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే లేచి, చెయ్యి కడుక్కుని, నా మెడ చూశాడు.

"కాలరు తీసిండ్రా? నొస్తుందా ఇంక?"

నొప్పి సంగతి వదిలెయ్ బావా అన్నాను. అంతా చెప్పాను. లారీ, తాడు, ఆయన అరిచిన మాట, నేను ఊపిన చెయ్యి, వెదురు ముక్క. ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు. అయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"సోనీ పంపిందా నిన్ను?"

"కాదు బావా, నిజం. నువ్వు చెప్పినవ్."

"నేను సెప్పలె." మెల్లగా, నచ్చజెప్తున్నట్టు అన్నాడు. "మొదాల మొదాల సెప్పిన్ననే అనుకున్న. రోజు పన్నప్పుడు యాదిజేసుకున్న, లేసినప్పుడు యాదిజేసుకున్న. లారీ యాదికుంది, తాడు యాదికుంది. నోరు తెరిసినట్టు యాదికి లేదు. నువ్వు చిన్ని తల మీద చెయ్యి పెట్టి అన్నవని సోనీ సెప్పింది. బిడ్డ తల మీద ఎవలన్న అబద్ధమాడుతరా? ఆ దినం కెల్లి ఇగ నాకు శంక లేదు. నేనే సెప్పలె."

"ఆడిన బావా. చిన్ని తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిన."

"వద్దు. గంత మాట అనకు." ఆయనకు నిజంగా భయమేసింది. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "నేను ఖరాబైతున్ననని, తింటలేనని నువ్వు నాకోసం తప్పు మీదేసుకుంటున్నవ్. నువ్వు మంచోనివి దేవ్‌సింగ్. నీ మెడ నేను ఇరగ్గొడితి, నువ్వు మల్ల నాకు ధైర్నం జెప్పనీకొచ్చినవ్."

ఇంకా రెండుసార్లు చెప్పాను. గట్టిగా చెప్పాను. అవతల హమాలీలు తిరిగి చూశారు. చెప్పినకొద్దీ ఆయన కళ్లలో నీళ్లు ఎక్కువయ్యాయి, నా మంచితనానికి. చివరికి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గిదంత ఎందుకు బావా. ఒక్కటడుగుత, సక్కగ సెప్పు. నన్ను మాఫ్ జేసినవా లేదా? నువ్వు సెప్పినంక తింట."

ఏం చెయ్యను? సద్ది గిన్నె అట్లాగే ఉంది, ఈగలు వాలుతున్నాయి. పది నెలల నుంచి ఆ మనిషి తిననిది నావల్ల.

"చేసిన బావా" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. గిన్నె ముందుకు జరుపుకుని కూర్చుని, నన్నూ కూర్చోమని, సగం సద్ది నాకు పెట్టి తిన్నాడు. కడుపునిండా తిన్నాడు.